ఒకసారి కొడితే అవును

ముప్పై ఎనిమిది. ఇందాక చూసినప్పుడూ ముప్పై ఎనిమిదే. కదులుతోందో లేదో తేల్చుకుందామని ఆకుపచ్చ గీత చివర తెర మీద గోరు ఆనించి పెట్టాను. అద్దం మీద వేలు పెట్టినవాళ్లని కళ్లజోళ్ల షాపులో ఇరవై ఏళ్లుగా కసురుకునేదాన్ని నేనే, ఇప్పుడు పెట్టిందీ నేనే, పెట్టి ఊపిరి బిగబట్టి చూస్తుంటే గీత గోటిని దాటి వెంట్రుకవాసి ముందుకొచ్చింది, ముప్పై తొమ్మిది, సరే, బతికే ఉంది. మూడున్నరయింది. అయిదింటికి వార్డులోకి రానిస్తారు. ఈలోగా ఈ గీత నూరు దాకా వెళ్తే మా ఆయన గొంతు దక్కుతుంది, వెళ్లకపోతే దక్కదు, విషయం ఇంతే. ఆయన గొంతులోని స్వరపేటికను నాలుగు రోజుల క్రితం తీసేశారు, మొత్తంగా, ఇక మాట అంటూ రాదు. అందుకని ముందే ఆయన చేత పదహారు వందల వాక్యాలు చదివించి ఈ లాప్‌టాప్‌లో రికార్డు చేశాం. ఆ వాక్యాల్లోంచి ఆయన గొంతునే తయారు చేస్తారట, ఆయన ఫోన్లో టైపు చేస్తే అది ఆయనలాగే పలుకుతుందట, ఆసుపత్రిలో మాటల డాక్టరమ్మ చెప్పింది. ఆ పదహారు వందల వాక్యాలూ ఈ భూమ్మీద ఒకే ఒక్క చోట ఉన్నాయి, తొమ్మిదేళ్ల ఈ లాప్‌టాప్ పొట్టలో, అరచేతిలో ఇమిడే ఒక డిస్కులో, ఆ డిస్కేమో చావుబతుకుల్లో ఉంది.

పెన్‌డ్రైవ్‌లో కూడా ఒక కాపీ ఉంచుకోండమ్మా అని డాక్టరమ్మ రెండుసార్లు చెప్పింది. రేపు చేద్దాం అన్నాను. అన్నది నేనే, ఆయన కాదు, ఆయన అప్పటికే దగ్గి దగ్గి గోడకు ఆనుకుని కూర్చున్నాడు, రేపు చేద్దాంలే, పదండి పడుకుందాం అన్నాను. ఆ రేపు పొద్దున్నే ఆసుపత్రి నుంచి ఫోను, మంచం ఖాళీ అయింది, ఆపరేషన్ ముందుకు జరిపాం, వెంటనే రండి. వెళ్లాం. మూడో రోజు బట్టలకని ఇంటికొచ్చి లాప్‌టాప్ తెరిస్తే నల్లటి తెర, లోపల్నుంచి ఎవరో గోటితో డబ్బా గీకుతున్న చప్పుడు. ఆ చప్పుడు నాకు కొత్త కాదు, రెండు నెలలుగా వింటున్నాను, పాతబడింది కదా మూలుగుతోంది అనుకున్నాను, ఆయన బొంగురు గొంతునీ ఇలాగే అనుకున్నాను, కారు నేర్చుకునేవాళ్ల మీద అరిచి అరిచి బొంగురుపోయిందిలే అని. ఆయన ఎవరి మీదా అరవడు. ఆ సంగతి నాకు తెలుసు, తెలిసీ అనుకున్నాను. నా అంత తెలివైన ఆడది ఇంకొకతె ఉండదు. 

నలభై ఒకటి. డేటా తీసిపెడతామన్న పెద్ద షాపువాళ్లు చెప్పిన మొత్తం వింటే నవ్వొచ్చింది, ఆసుపత్రి బిల్లు కట్టేశాక మా దగ్గర మిగిలింది ఆ మొత్తానికి దరిదాపుల్లో లేదు. పాత కంప్యూటర్లు అమ్మే సందులో ఒకతను ఉన్నాడు, కళ్లజోడు బాగుచేయించుకోవడానికి మా షాపుకొస్తాడు, ముక్కు దగ్గర మెత్తలు ఎప్పుడూ పచ్చబడి ఉంటాయి. అతనే చెప్పాడు, ఇది అద్దె ఇల్లు మారడం కన్నా కష్టమేం కాదమ్మా, అతి చవకలో కొత్త డిస్కు ఇస్తాను, పాతదాన్ని మొత్తంగా దాంట్లోకి కాపీ చేసుకుని, పాతది పీకి కొత్తది బిగించుకోండి అని. బిగించడానికి విడిగా తీసుకుంటానన్నాడు. నేను సంచీలోంచి నా స్క్రూడ్రైవర్ల పెట్టె తీసి చూపించాను. కళ్లజోడు మరలు బిగించే చేతికి లాప్‌టాప్ మరలు ఒక లెక్కా, వాటి పక్కన ఇవి దూలాలు. అతను నా చేతుల వంక చూసి సరేనన్నాడు. కాపీ చేసే ప్రోగ్రాము ఒక పెన్‌డ్రైవ్‌లో వేసి, కొత్త డిస్కును బయటి నుంచి తగిలించడానికి ఒక తీగ అరువిచ్చి, రెండు ముక్కలు చెప్పాడు. "తెర మీద రెండు గడులు వస్తాయి. ఎడమ గడిలో పాత డిస్కు, కుడి గడిలో కొత్త డిస్కు. తారుమారైతే ఖాళీ డిస్కొచ్చి నిండు డిస్కు మీద పడుతుంది, ఇక ఎవరూ తీయలేరు." ఇంకొకటి. "మధ్యలో ఆపొద్దు. ఈ పాతది ఇంకొక్కసారి తిరుగుతుంది, నా లెక్కలో. ఆగితే మళ్లీ లేవదు."

ఆపను. ఎందుకు ఆపుతాను, నలభై ఆరు, బాగానే నడుస్తోంది. లాప్‌టాప్ అడుగు మూత విప్పి, గాలి ఆడేలా కింద రెండు ఖాళీ ఫ్రేముల పెట్టెలు పెట్టాను, టేబుల్ ఫ్యాను దాని వైపే తిప్పాను, నాకు చెమటలు పడుతున్నాయి, పడనీ. వేడే దీని ప్రాణం తీసిందని నాకొక అనుమానం. రికార్డింగుకి నిశ్శబ్దం కావాలన్నారు కదా, వీధిలో ఒకటే హారన్లు, పై వాటాలో కుర్చీలు ఈడుస్తారు, అందుకని బీరువా తలుపులు రెండూ తెరిచి వేలాడే బట్టల మధ్య మేమిద్దరం కూర్చుని, లాప్‌టాప్‌తో సహా మా మీద దళసరి దుప్పటి కప్పుకునేవాళ్లం. పన్నెండు సాయంత్రాలు. లోపల మా ఊపిరి, దాని ఊపిరి. రోజంతా కారులో పక్క సీటులో కూర్చుని కాలి కింద రెండో బ్రేకుతో ఊరందరి ప్రాణాలూ కాపాడేవాడు, అందరూ బ్రేకు మాస్టారు అంటారు, ఆ మనిషి దుప్పటి కింద తెర వెలుతురులో దొంగతనంగా కథల పుస్తకం చదివే పిల్లాడిలా ఉండేవాడు. డాక్టరమ్మ ఇచ్చిన వాక్యాలు చదివేవాడు. పక్కింటివాళ్లు ఆకుపచ్చ గేటు పెట్టించారు. బస్సు ఆలస్యమైనా ప్రయాణికులు ఓపికగా నిలబడ్డారు. ఇది చదివి ఆపేశాడు. "ఓపికగా నిలబడ్డ ప్రయాణికుణ్ణి నాకొక్కణ్ణి చూపించు, అప్పుడు చదువుతా" అన్నాడు. అదీ రికార్డయింది. గొంతు తీసేస్తారట అని తెలిసిన రోజునా ఇంతే, ఇన్నేళ్లుగా నోరు మూసుకోమని నువ్వు అంటున్నావు, డాక్టరుకెలా తెలిసిందో అన్నాడు, నేను లేచి వంటింట్లోకి వెళ్లి గిన్నెలు తోమాను, తోమినవే మళ్లీ తోమాను.

జాబితా అయిపోయిన రాత్రి, ఇంకేమైనా చెప్పండి, మీ ఇష్టమొచ్చింది అన్నాను. నవ్వు కావాలన్నాను. పదహారు వందల వాక్యాల్లో నవ్వు లేదు. చెప్తే వస్తుందా నవ్వు అన్నాడాయన. అయితే వినండి అని, నేను లెక్కల టీచరు కళ్లజోడులో కుడి అద్దం ఎడమకూ ఎడమ అద్దం కుడికీ వేసిన సంగతి చెప్పాను, ఆవిడ అది పెట్టుకుని షాపు మెట్లు దిగుతూ లేని మెట్టు కోసం కాలు చాపిన సంగతి. ఆయన నవ్వాడు. నవ్వి నవ్వి దగ్గు తెరలో పడి నా భుజం పట్టుకున్నాడు. అది పదహారు వందల ఒకటో ఫైలు. ఆ తర్వాత ఊపిరి తిప్పుకుని ఇంకొకటి చెప్పాడు, ఇంట్లో నేను పని ముందేసుకుని తల వంచుకుని ఉన్నప్పుడల్లా గుమ్మంలోంచి అడిగేది, అదే, అది రెండోది. ఆ రెండూ జాబితాలో లేనివి. నిజం చెప్పాలంటే నాకు ఆకుపచ్చ గేట్లు అక్కర్లేదు, ఆ రెండు చాలు.

యాభై రెండు. చేతులు ఊరుకోవు కదా, మరల ట్రే దగ్గరకు లాక్కున్నాను, మళ్లీ బిగించేటప్పుడు తడుముకోకుండా ఒకసారి సర్దుకుందామని. అడుగు మూత మరలు పదకొండు, విప్పిన క్రమంలోనే మా షాపు ట్రేలో గుంటకొకటి చొప్పున పెట్టాను. చూస్తే మూత కుడివైపు మరలన్నీ ట్రేలో ఎడమ గుంటల్లో ఉన్నాయి. ఎడమవైపువి కుడి గుంటల్లో. మా పనిలో కుడి అంటే నా కుడి కాదు, కళ్లజోడు పెట్టుకునేవాళ్ల కుడి. మనిషి ఎదురుగా కూర్చుంటాడు, ఆయన కుడికన్ను నా ఎడమచేతి వైపు ఉంటుంది. చీటీ మీద కుడికన్ను నంబరే ముందు రాస్తారు, అంటే కాగితానికి ఎడమ పక్కన. ట్రేలో కుడి అద్దం ఎడమ గుంటలో. కుడి అని వినపడితే చాలు, ఇరవై ఏళ్లుగా నా చెయ్యి ఎడమకు పోతుంది, నన్నడగదు. లెక్కల టీచరు రోజున అడిగింది, ఆ ఒక్కరోజూ ఆలోచించి చేశాను, అందుకే తప్పు చేశాను. మరైతే కుడి గడిలో కొత్తది అని అతను చెప్పినప్పుడు, తెర ముందు నేను ఒంటరిగా కూర్చుని ఉన్నప్పుడు, ఈ చెయ్యి ఎటు పోయింది.

ఎటు పోయింది. రెండు గడులు వచ్చాయి, నిజం. రెండు పేర్లు వచ్చాయి, అంకెలూ అక్షరాలూ కలిపిన పొడుగాటి పేర్లు, కొత్త డిస్కు మీది చీటీతో పోల్చి ఏది కొత్తదో పట్టుకున్నాను, నిజం. సైజు రెండింటికీ ఒకటే, అంతకన్నా పెద్దది కొనలేదు కనుక. తర్వాత? తర్వాత నొక్కాను. ఖచ్చితంగా అనుకుంటున్నారా అని అడిగింది, అవును అని నొక్కాను, అంత ధీమాగా నొక్కాను, ఏ గడిలో ఏది పెట్టి నొక్కానో మాత్రం గుర్తు రావడం లేదు. ఇప్పుడీ తెర మీద గీత ఒక్కటే ఉంది, ఎక్కడి నుంచి ఎక్కడికో లేదు, వెనక్కి వెళ్లడానికి లేదు, ఉన్నదల్లా ఆపు అనే ఒకే ఒక్క మీట. తప్పుగా పెట్టి ఉంటే ఇప్పటికి సగం చెరిగిపోయింది, ప్రతి శాతానికీ ఇంకో పదహారు వాక్యాలు చెరిగిపోతున్నాయి, వెంటనే ఆపాలి. సరిగ్గా పెట్టి ఉంటే ఆపడమే దాన్ని చంపడం. యాభై ఆరు. సందులోని అతనికి ఫోను చేశాను. "ఇక్కణ్ణించి నాకెలా తెలుస్తుందమ్మా, మీరే కదా చూసి నొక్కారు" అన్నాడు పాపం మర్యాదగానే. లేచి నిలబడ్డాను, కూర్చున్నాను. మీట మీద బాణం గుర్తు పెట్టాను, తీసేశాను. యాభై ఏడు, గీత చక్కగా పోతోంది, దానికేం, దానికి నింపడమైనా ఒకటే, తుడవడమైనా ఒకటే.

డ్రైవింగు పరీక్ష తప్పాను నేను, బ్రేకు మాస్టారి పెళ్లాన్ని, ఊరంతా చెప్పుకుని నవ్వారు. పరీక్ష పెట్టేవాడు కుడికి తిప్పమన్నాడు, నేను ఎడమకు తిప్పి ఒక పూలకుండీని పడగొట్టి వీధి మధ్యలో ఇంజను ఆపేశాను. అంతకు ముందు నేర్చుకునే రోజుల్లోనూ అంతే, తిప్పడం తప్పు, తప్పని తెలిసి కంగారులో ఇంజను ఆగిపోవడం. ఆయన అరిచేవాడు కాదు. వెనక బళ్లు హారన్లు మోగిస్తున్నా సరే, ముందున్న డాష్‌బోర్డు మీద గోటితో మూడుసార్లు మెల్లగా కొట్టేవాడు. ఇంజనే ఆగింది, ఇంకేం ఆగలేదు, మళ్లీ స్టార్ట్ చెయ్ అని. మొదట్లో మాటల్లో చెప్పేవాడు, తర్వాత మూడు దెబ్బలే. పరీక్ష తప్పిన సాయంత్రం నా జడకున్న రబ్బరుబ్యాండు లాగి నా కుడి మణికట్టుకు వేశాడు. షాపు బయట ఎవరు కుడి అన్నా ముందు ఇది తడుముకో, ఇదున్న వైపు కుడి అన్నాడు. రెండోసారి పాసయ్యాను. అప్పట్నుంచి రబ్బరు తీయలేదు, తెగితే ఇంకొకటి, పద్నాలుగేళ్లుగా నా కుడి మణికట్టు మీద ఒక రబ్బరు ఉంటూనే ఉంది. కనుక ఇందాక కూడా తడుముకునే ఉంటాను, తప్పకుండా, కుడి అనగానే వేళ్లు వాటంతటవే మణికట్టు మీదికి పోతాయి. హమ్మయ్య అనుకుని మణికట్టు వంక చూశాను. లేదు. మణికట్టు బోసిగా ఉంది. ఎక్కడ పడిపోయిందా అని బల్ల కింద చూశాను, ట్రేలో చూశాను, అప్పుడు కనపడింది. కొత్త డిస్కుకు తగిలించిన తీగ వదులుగా ఉందని, కదిలితే ఊడి వస్తుందని, రెండింటినీ కలిపి రబ్బరుతో బిగించాను. నేనే, ఈ చేతులతోనే, గడులు తెర మీదికి రాకముందే.

అరవై మూడు. ఇక ఇంట్లో గాలి చాలలేదు. ఆడపడుచుకి ఫోను చేశాను, ఆసుపత్రిలో అన్నగారి దగ్గర తనే ఉంటోంది. "వదినా, ఇప్పుడే లేచాడు. బాగానే ఉన్నాడు, ఇవ్వనా" అంది. ఇవ్వమన్నాను. ఆపరేషన్‌కి ముందే మేమొక ఏర్పాటు చేసుకున్నాం. ఫోనులో నేను అడగాలి, ఆయన గోటితో ఫోను మీద కొట్టాలి, ఒకసారి కొడితే అవును, రెండుసార్లు కొడితే కాదు. నాలుగు రోజులుగా మా సంసారం అవును కాదుల మీద నడుస్తోంది, నిజానికి ఇదివరకూ దాదాపు అంతే. చెప్పకూడదనుకున్నాను. గొంతు మీద కుట్లతో పడుకున్న మనిషికి చెప్పే మాటా ఇది. బాగున్నారా అంటే ఒకటి. నొప్పా అంటే కాసేపాగి రెండు, అది అబద్ధం, ఆ ఆగడంలోనే తెలుస్తుంది. ఇక ఆపుకోలేక మొత్తం చెప్పేశాను, డిస్కు, తీగ, గడులు, రబ్బరు. "నా చేతులారా తుడిచేస్తున్నానేమో నాకు తెలియడం లేదండీ" అన్నాను. "బ్రేకు వేయనా, వద్దా? మీరు చెప్పండి." చెప్పండి అన్నాను, ఆయన్ని. అవతల వార్డులో ఎవరిదో చెప్పుల చప్పుడు, ఎవరో స్టీలు గ్లాసు కింద పెట్టిన చప్పుడు. ఆయన ఊపిరి ఇప్పుడు ముక్కులోంచి రాదు, మెడ దగ్గరి రంధ్రంలోంచి వస్తుంది, అది ఫోనులో వేరేగా వినపడుతుంది, ఆ ఊపిరి కొద్దిసేపు ఆగింది. తర్వాత కొట్టాడు. ఒకటి. రెండు. మూడు.

ఇదేం సమాధానం. ఒకటా రెండా చెప్పమంటే మూడంటాడు. మళ్లీ అడిగాను, ఆపనా అని, మళ్లీ మూడే, అదే నిదానంతో, వెనక హారన్లు మోగుతున్నా పట్టించుకోని ఆ నిదానంతో. ఇంజనే ఆగింది. ఇంకేం ఆగలేదు. నేను ఫోను పెట్టేసి బల్ల మీద తల ఆన్చి ఏడ్చాను, సిగ్గుపడకుండా గట్టిగా ఏడ్చాను, ఈ మనిషికి నేనేం చేస్తున్నాను, ఈయన నన్నేమీ అనడు, ఒక్క మాట అంటే బాగుండును, అనడానికి మాట లేదు, ఉన్న మాటలేమో నేను తుడిచేస్తున్నాను. తల బల్లకు ఆన్చి ఉంది కనుక పాత డిస్కు చప్పుడు చెక్కలోంచి నేరుగా చెవిలోకి వస్తోంది. డెబ్బై ఒకటి. గీత ఆగింది. గోరు పెట్టి చూశాను, నిజంగానే ఆగింది. టిక్, టిక్, టిక్, ఒక గరగర, మళ్లీ మొదట్నుంచి టిక్, టిక్, టిక్, గరగర. అయిపోయింది అనుకున్నాను. చచ్చిపోతోంది అనుకున్నాను. మీట మీదికి చెయ్యి వెళ్లింది. మళ్లీ టిక్, టిక్, టిక్, ఈసారి ఇంకొంచెం నెమ్మదిగా, గరగర.

ఈ చప్పుడు నేనెక్కడో విన్నాను. ఎక్కడో ఏమిటి, రోజూ వింటాను, చూపు పరీక్ష గదిలో. గోడ మీద అక్షరాల పలక, పైన పెద్దవి, కిందికి వచ్చేకొద్దీ చిన్నవి. పైవరసలు గడగడా చదివేస్తారు. వాళ్లకందని వరస రాగానే ఆగుతారు, మొదటి అక్షరం, రెండోది, మూడోది, నాలుగో దాని దగ్గర గొంతు సవరించుకుంటారు, వరస మొదటికి వచ్చేస్తారు, ఈసారి నెమ్మదిగా మళ్లీ మొదటిది, రెండోది, మూడోది. పెద్దవాళ్లు మరీను, చదవలేకపోయామని ఒప్పుకోరు, నేను చాలండీ అనేదాకా అదే వరస మీద వేలాడతారు. రాసేవాళ్లు ఇలా చేయరు. మా షాపులో చీటీలు రాసే ఆవిడ తప్పో ఒప్పో రాసుకుంటూ పోతుంది, వెనక్కి రాదు. వెనక్కి వచ్చేది చదివేవాళ్లే. కనపడని దాన్ని కనపడేదాకా వదలనిది చదవడమొక్కటే. టిక్, టిక్, టిక్. ఈ ముసలి డిస్కు చదువుతోంది. దీని మీద ఎవరూ ఏమీ రాయడం లేదు, ఇది చదువుతోంది, తన ఒంట్లో ఉన్నదాన్ని కళ్లు చిట్లించుకుని ఒక్కో అక్షరం చదివి అవతలికి ఒప్పజెబుతోంది. మీట మీద నుంచి చెయ్యి తీసేశాను. తీసి, ఆ చేతిని నా ఒళ్లో రెండో చేత్తో గట్టిగా పట్టుకుని కూర్చున్నాను. చదవండి, తొందరేం లేదు, నెమ్మదిగా చదవండి అని షాపులో అన్నట్టే అన్నాను, పైకే అన్నాను. 

డెబ్బై ఒకటి దగ్గర పంతొమ్మిది నిమిషాలు నిలబడింది. పంతొమ్మిది నిమిషాల్లో నేను మొక్కని మొక్కు లేదు, అవి చెప్పను. నా తీర్పు తప్పేమో అన్న భయమూ పోలేదు, చెవితో చేసిన తీర్పుకి గ్యారంటీ ఎవరిస్తారు. తర్వాత అది చదవలేని వరస వదిలేసి కింది వరసకు దిగింది, డెబ్బై రెండు, ఎనభై, తొంభై దాటాక ఇంకోసారి నసిగింది, నూరు. కొన్నిచోట్ల చదవలేకపోయాను, పద్నాలుగు, అని ఒక వాక్యం వచ్చింది తెర మీద. మిగతా పని నా చేతులది. లాప్‌టాప్ ఆపి, పాత డిస్కు నాలుగు మరలు విప్పి పక్కకు జరిపి బయటికి తీశాను, కాలిపోతోంది, జ్వరం వచ్చిన పిల్ల నుదుటిలా ఉంది. తీగ ఊడదీయడానికి కొత్త డిస్కు మీది రబ్బరు విప్పి అలవాటుగా మణికట్టుకు వేసుకుంటుంటే అప్పుడు చూశాను, రబ్బరు తీసేసినా దాని అచ్చు నా మణికట్టు చుట్టూ ఎర్రగా అలాగే ఉంది, పద్నాలుగేళ్ల గాడి. వేళ్లు ఇందాక తడుముకున్నది దీన్నే అయి ఉండాలి. రబ్బరును సరిగ్గా ఆ గాడిలోకి జరిపాను. కొత్త డిస్కు పెట్టి మరలు బిగించి మీట నొక్కాను. తెర తెల్లబడింది. తొమ్మిదేళ్లలో ఎన్నడూ లేనంత త్వరగా తెరుచుకుంది.

వాక్యాలు ఉన్నాయి. పక్కింటివాళ్లు ఆకుపచ్చ గేటు పెట్టించారు, ఉంది, ఆయన గొంతు వంటింటి దాకా వినపడింది. ఓపికగా నిలబడ్డ ప్రయాణికుడు ఉన్నాడు. నేను కింద నుంచి చూశాను, చివరి రెండూ. పదహారు వందల ఒకటి నొక్కాను. తెరుచుకోలేదు. మళ్లీ నొక్కాను, మళ్లీ నొక్కాను, పాత డిస్కు ఎన్నిసార్లు ప్రయత్నించిందో అన్నిసార్లు నొక్కాను. ఆ పద్నాలుగింటిలో ఒకటి నవ్వు. డాక్టరమ్మ తయారు చేయించే గొంతు నీళ్లడుగుతుంది, తలుపు వేయమంటుంది, ఎవరి మీదైనా జోకు కూడా వేస్తుంది, నవ్వడం మాత్రం దానికి రాదు. నేను కుడి ఎడమలు తారుమారు చేసినందుకు నవ్విన నవ్వు అది. నాకు చాలా దుఃఖం వచ్చింది. ఈసారి ఏడవలేదు, టైము లేదు, నాలుగు నలభై అయింది.

పదహారు వందల రెండు నొక్కడానికి చెయ్యి రాలేదు. అదీ తెరుచుకోకపోతే ఆ సంగతి నేనొక్కదాన్నే ఈ గదిలో తెలుసుకోలేను. ఆడపడుచుకి ఫోను చేసి మీ అన్నయ్యకివ్వమన్నాను, ఇచ్చింది, ఆ వేరే ఊపిరి వినపడింది. ఫోనును లాప్‌టాప్ స్పీకరుకు ఆనించి, వేలు పెట్టి నొక్కాను. ఒక క్షణం దుప్పటి చప్పుడు. దగ్గు ఆపుకున్న చప్పుడు. తర్వాత ఆయన గొంతు, గుమ్మంలో నిలబడి అడిగినట్టే అడిగింది.

"ఏమోయ్, వింటున్నావా?"

ఫోను చెవికి పెట్టుకున్నాను. వార్డులో ఎవరూ కదలడం లేదు. ఊపిరి ఆగి, మళ్లీ వచ్చింది. తర్వాత గోరు ఫోను మీద ఒకసారి కొట్టింది.